నాలుగో ర్యాక్ వెనక చల్లగాలి

ఇంతింత చదువులు చదివినవాళ్లకి బస్సు సీటు మీద కర్చీఫ్ వేసే బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు పదిహేడేళ్లుగా అర్థం కాలేదు. నేను ఈ విశ్వవిద్యాలయం సర్వర్ గదికి ఇన్‌ఛార్జిని. గదిలో ఆరు ర్యాకులున్నాయి. ర్యాక్ అంటే మనిషికంటే జానెడు ఎత్తుండే ఇనప బీరువా, తలుపుల నిండా చిల్లులు. ఒక్కోదాంట్లో నలభై రెండు అరలు. అందరి పరిశోధనలూ, అందరి లెక్కలూ, అందరి గొప్పలూ ఆ అరల్లోనే సర్దుకోవాలి.

ఏడో ర్యాక్ పెట్టడానికి నేల మీద చోటుంది. చల్లబరచడానికి ఏసీ చాలదు, నడపడానికి కరెంటు చాలదు. ఈ మాట ఏడాదికి నలభైసార్లు చెబుతాను. నలభైసార్లూ ఎవరో ఒకరు వచ్చి, "ఆ మూల ఖాళీగానే ఉందిగా మేడమ్" అని వేలు చూపిస్తారు. చదువుకున్న వేలు! ఒళ్లు మండిపోతుంది.

గదికి ఒక రూలుంది. ముందువైపు దీపం వెలుగుతున్న మెషీన్ని యజమాని సంతకం లేకుండా ఎవరూ బయటికి తీయకూడదు. ఆ రూలు రాసింది నేనే. తొమ్మిదేళ్ల కిందట దీపం వెలుగుతున్నా ఉలుకూపలుకూ లేని మెషీన్ ఒకటి కనబడితే, చచ్చిపోయిందనుకుని తీయించి, డిస్కులు శుభ్రంగా తుడిపించాను. అది చావలేదు. పాడైంది నెట్‌వర్క్ తీగ ఒక్కటే. అందులో మేం మట్టి మాస్టారని పిలిచే ప్రొఫెసర్ గారు మూడేళ్లపాటు పొలాలెంట తిరిగి రాసుకున్న మట్టి కొలతలున్నాయి. ఆయన నన్ను ఒక్క మాటన్నా అనలేదు. "పర్లేదమ్మా, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అని, ఆ ఏడే రిటైరై వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

రూలు అలా పుట్టింది. అడ్డం పెట్టుకోవడం మాత్రం మిగతావాళ్లు నేర్చుకున్నారు.

ఇక చంటి సంగతి. మా అక్క కూతురు. ఇక్కడే పరిశోధన చేస్తోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరి చప్పుళ్లను నాలుగేళ్లపాటు ఆసుపత్రి వార్డులో కూర్చుని రికార్డు చేసింది. ఊపిరి ఆగిపోబోయే ముందు ఆ చప్పుడులో చిన్న తేడా వస్తుందట. దాన్ని కంప్యూటర్ చేత ముందే కనిపెట్టించి నర్సును పిలిపించాలని దాని తాపత్రయం. ఆసుపత్రివాళ్లు రెండు షరతులు పెట్టారు. ఆ రికార్డులు తాళం, రిజిస్టరు ఉన్న విశ్వవిద్యాలయం సర్వర్ గదిలోనే ఉండాలి, బయటి కంప్యూటర్లలోకి పోకూడదు. గడువు తేదీ దాటితే అన్నీ చెరిపేయాలి.

లెక్క కట్టడానికి దానికి రెండు సర్వర్లు మంజూరయ్యాయి, ఒక్కోటి నాలుగు అరలు. రెండూ కలిసి రాత్రీపగలూ తిరిగితే నలభై రెండు రోజుల పని. ఒక్కటే తిరిగితే ఎనభై నాలుగు. అవి వచ్చి పదకొండు వారాలైంది. పదకొండు వారాలుగా అట్టపెట్టెల్లో, మా గది బయట నడవాలో, గోడకి చేరగిలబడి ఉన్నాయి.

అప్లికేషన్ ఇచ్చిన రోజే దాన్ని పక్కకు పిలిచి చెప్పాను. "చంటీ, ఇక్కడ నన్ను పిన్నీ అనకు. ఇన్‌ఛార్జి గారూ అను. లేకపోతే నా మనిషివని వంద మాటలు పుడతాయి."

"అలాగే పిన్నీ," అంది.

రెండో వారంలో ఒకటో ర్యాక్‌లో ఎనిమిది అరలు ఖాళీ అయ్యాయి. జాబితాలో మొదటి పేరు చంటిదే. నేను వాటిని రెండో పేరుకి, చరిత్ర విభాగానికి ఇచ్చాను. అక్క కూతురికి కట్టబెట్టిందని ఎవరూ అనకూడదని. నా నిజాయితీకి మచ్చ పడకూడదని! చంటికి చెబితే, "సర్లే పిన్నీ, నీ ఇబ్బంది నీది. ఇంకోటి ఖాళీ అవుతుందిలే" అంది. ఆ తర్వాత ఒక్క అర ఖాళీ అయితే ఒట్టు.

రోజూ మధ్యాహ్నం ఆ పెట్టెల్లో ఒకదాని మీద కూర్చుని డబ్బా విప్పుకుని తినేది. మా అక్క ఫోన్ చేసి ఏకిపారేసేది.

"వేలు విడిచిన చుట్టానివి కాదే, సొంత పిన్నివి. గది తాళం నీ నడుముకే వేలాడుతుంటుందిగా. పిల్లకి నాలుగు అరలు ఇప్పించలేవూ?"

"నా సొంత బీరువా కాదక్కా అది."

"సొంత బీరువా అయితే మాత్రం ఇస్తావా ఏం?" అని పెట్టేసింది.

పోయిన వారం ఏసీ మెకానిక్కు వచ్చాడు. ఫిల్టర్లు కడిగి, వాడుకగా ర్యాకుల వెనక చెయ్యి పెట్టి చూస్తూ నడిచాడు. పనిచేసే మెషీన్ ముందునుంచి చల్లగాలి పీల్చి, వెనకనుంచి వేడిగాలి వదులుతుంది. నాలుగో ర్యాక్ దగ్గర ఆగిపోయాడు.

"మేడమ్, ఇలా వచ్చి చెయ్యి పెట్టండి."

పెట్టాను. చల్లగా ఉంది.

"ఏసీ బాగా పనిచేస్తున్నట్టుందే," అన్నాను తెలివితక్కువగా.

"ఏసీ కాదు మేడమ్. ఇవి పనిచెయ్యట్లేదు. ముందు దీపాలు చూస్తే దీపావళి. వెనకాల చూస్తే ఒట్టి గాలి."

నాలుగో ర్యాక్‌లో మధ్య పన్నెండు అరలు డీన్ గారివి. మా సిబ్బందిలో ఆయన్ని కర్చీఫ్ గారని పిలుచుకుంటాం. మీటింగ్ హాలు కావాలన్నా, ప్రొజెక్టర్ కావాలన్నా ఆర్నెల్ల ముందే రాయించి పెట్టుకుంటారు, ఆరోజు రారు. ఆయన మెషీన్లు ఆరు. మూడేళ్లుగా పచ్చ దీపాలు టకటకా కొట్టుకుంటున్నాయి. కరెంటు రీడింగు తీశాను. ఆరింటికీ కలిపి ఒక టేబుల్ లైటంత కాలుతోంది. దుమ్ము దులపడానికి మూత తెరిచే అధికారం నాకుంది కాబట్టి ఒకదాని మూత తెరిచాను.

లోపల ఏమీ లేదు. డిస్కు లేదు, బోర్డు లేదు. ఒక చిన్న ఫ్యాను, దీపం వెలిగించడానికి అగ్గిపెట్టెంత సర్క్యూటు, అంతే. మిగతా అయిదూ తెరిచాను. అన్నీ అంతే. ఎవరో కూర్చుని, శ్రద్ధగా, నా రూలును చదివి, దీపం వెలిగితే చాలని ఆరు డొల్ల పెట్టెలు తయారుచేశారు. పళ్లు పటపటా కొరుక్కుంటూ ఫొటోలు తీశాను. బయట నడవాలో చంటి పెట్టె మీద కూర్చుని తింటోంది.

మంగళవారం పొద్దున కమిటీ మీటింగ్. ఆసుపత్రి గడువుకి సరిగ్గా నలభై నాలుగు రోజులుంది. బల్లకి ఆ చివర రిజిస్ట్రార్, పక్కన డీన్, చుట్టూ విభాగాల పెద్దలు. చంటిని కూడా పిలిచారు, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. నేను ఆరు ఫొటోలూ బల్ల మీద పరిచాను.

"ఇవి డీన్ గారి సర్వర్లు. వీటిలో సాలెపురుగు కూడా లేదు. మూడేళ్లుగా పన్నెండు అరలు ఆక్రమించాయి. అదిగో, ఆ అమ్మాయి మెషీన్లు పదకొండు వారాలుగా నడవాలో పడున్నాయి."

డీన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సిగ్గన్నది మొహం మీద ఒక్క గీత కూడా లేదు.

"పెద్ద ప్రాజెక్టు రాబోతోందండీ. అప్పుడు చోటు కావాలంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? ముందుచూపు తప్పా?"

"ముందుచూపు కాదు సార్, మోసం."

"మాటలు జాగ్రత్త," అని కళ్లజోడు పెట్టుకున్నారు. "సరే, నావి డొల్ల. ఒప్పుకుంటా. మరి మూడో ర్యాక్ అడుగున, 'ముట్టవద్దు, ఇన్‌ఛార్జి' అని చీటీ అంటించిన మెషీన్ ఎవరిది? నాలుగు అరలు. అదేం చేస్తోందో మీరు చెప్పండి."

తల తిప్పకుండానే తెలుస్తోంది, చంటి నన్నే చూస్తోంది.

అది మట్టి మాస్టారి మెషీన్. తుడిచేసిన డిస్కుల్లో ఎక్కడైనా ఒక ముక్క మిగిలిందేమోనని వెతికే ప్రోగ్రాం పెట్టి, తొమ్మిదేళ్ల కిందట అడుగున తోశాను. మొదట రోజూ చూసేదాన్ని. తర్వాత వారానికోసారి. చివరిసారి చూసి ఆరేళ్లయింది. వెతుకుతూనే ఉందని నాకు నేను చెప్పుకుంటే మనసు కుదుటపడేది. అది కూడా కర్చీఫే. నేను వేసుకున్నది. ఇన్నాళ్లూ ఊరందరినీ ఏకుతూ తిరిగాను, ఏ మొహం పెట్టుకుని?

"నాదే. పని లేదు. ఇవాళే తీసేస్తాను," అన్నాను.

రిజిస్ట్రార్ ఊపిరి పీల్చుకున్నారు. "అయితే ఆ నాలుగు అరలూ అమ్మాయికివ్వండి. డీన్ గారి విషయం మీద ఉపసంఘం వేద్దాం, నెల రోజుల్లో నివేదిక ఇస్తుంది." అందరూ కుర్చీలు వెనక్కి లాగి లేచారు.

నెల రోజులు! ఉన్నవి నలభై నాలుగు రోజులైతే.

మధ్యాహ్నం నేనూ చంటీ మూడో ర్యాక్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాం. మరలు తుప్పు పట్టి ఒక పట్టాన రాలేదు. చంటి స్క్రూడ్రైవర్ తీసుకుని నాలుగూ ఊడదీసింది. ఇద్దరం పట్టుకుని మెషీన్ని బయటికి లాగితే, వెనక గూటి నిండా బూజు, బొటనవేలంత మందాన.

"ఇది ఇన్నాళ్లూ ఇక్కడే ఉందా?"

"ఉంది."

"నేను మొదటి రోజు అప్లికేషన్ ఇచ్చినప్పుడు కూడా?"

"ఉంది చంటీ."

"నీకు గుర్తుందా, లేదా? అదొక్కటి చెప్పు చాలు."

అబద్ధం చెబుదామనిపించింది. "గుర్తుంది. దాన్ని తియ్యాలంటే ఆయన డేటా పోయిందని నేను ఒప్పుకోవాలి. ఒప్పుకోలేకపోయాను."

స్క్రూడ్రైవర్ని నేలకేసి కొట్టింది. అది ఎగిరి ర్యాక్ తలుపుకి తగిలి ఖంగుమంది.

"పోయిందాని కోసం ఉన్నదాన్ని చంపుతావా! రెండువందల పదిమంది పిల్లలు పిన్నీ, ఒక్కొక్కరి పక్కనా రాత్రిళ్లు కూర్చున్నాను. ఆ తల్లులు సంతకాలు పెట్టింది ఎందుకనుకున్నావ్? నేను ఆ నడవాలో అడుక్కునేదానిలా కూర్చుంటే, నువ్వు రోజూ నా పక్కనుంచే లోపలికెళ్లేదానివి. ఆ చరిత్ర వాళ్లకిచ్చినప్పుడు కూడా నీ తరఫునే అమ్మతో పోట్లాడాను." మొహం తుడుచుకుని, "ఒక్క మెషీన్‌తో అవదు. ఎనభై నాలుగు రోజులు కావాలి. లెక్క నీకూ తెలుసు," అంది.

తెలుసు. చంటి అన్న ఒక్కో మాటా నాకు తగిలింది. అన్నీ నిజాలే. నాకు నా మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ కోపంతోనే లేచి, నేల మీది స్క్రూడ్రైవర్ తీసుకుని నాలుగో ర్యాక్ దగ్గరికి నడిచాను.

డీన్ గారి మొదటి పెట్టె రెండు నిమిషాల్లో ఊడొచ్చింది. లోపల ఏముందని బరువుండటానికి? ఒంటిచేత్తో తీసి నేల మీద పెట్టాను. రెండోది, మూడోది. ఆరూ తీశాను. రిజిస్టర్లో ఆరు వరసలు రాసి, యజమాని సంతకం అన్నచోట ఆరుసార్లూ నా పేరే పెట్టాను. పదిహేడేళ్లలో ఆ రిజిస్టర్లో నేను తప్పుడు సంతకం పెట్టడం అదే మొదలు.

చంటి సర్వర్లు రెండూ, ఒకటి మూడో ర్యాక్‌లోకి, ఒకటి నాలుగో ర్యాక్‌లోకి, పిలిస్తే వచ్చిన ఏసీ మెకానిక్కు సాయంపట్టి ఎక్కించాడు. మీట నొక్కగానే ఫ్యాన్లు హోరుమన్నాయి. అయిదు నిమిషాలాగి వెనక చెయ్యి పెట్టాను. వేడిగాలి అరచేతిని కాల్చింది.

అప్పటికే కబురు చేరినట్టుంది, ఫోన్ మోగింది. డీన్ గారు.

"ఎవర్ని అడిగి తీశారు? నా సంతకం లేకుండా తియ్యకూడదని మీ రూలే కదా?"

"నా రూలే సార్. దీపం వెలిగే మెషీన్ అని రాశాను. మీవి దీపాలే, మెషీన్లు కావు. మీ డేటా ఏమైనా పోయుంటే కాగితం మీద రాసివ్వండి, కమిటీలో చదివి వినిపిస్తా."

"మీ ఉద్యోగం సంగతి చూస్తాను."

"చూడండి. పెట్టెలు నడవాలో పెట్టించాను. కూర్చుని అన్నం తినడానికి వీలుగా ఉంటాయి."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను, చంటి నవ్వుతుందేమోనని. అది నవ్వలేదు. తెర మీద లెక్క మొదలైందో లేదో చూసుకుంటోంది. పని ముగిసే తేదీ కనబడింది. గడువుకి రెండు రోజుల ముందు. మధ్యలో ఒక్కసారి కరెంటు పోయినా, ఒక్క ఫ్యాను ఆగినా అంతే సంగతులు. పదకొండు వారాలు నడవాలో పోకుండా ఉంటే ఆ రెండు రోజులకి బదులు డెబ్భై తొమ్మిది ఉండేవి.

చంటి ఖాళీ అట్టపెట్టెలు మడిచి చంకలో పెట్టుకుంది. రిజిస్టర్లో తన సంతకం పెట్టి, టైము వేసింది. తలుపు దగ్గర ఆగి, నా వైపు సరిగ్గా చూడకుండానే అంది.

"వెళ్లొస్తానండీ, ఇన్‌ఛార్జి గారూ."

అలా పిలవమని చెప్పింది నేనే.