దిద్దిన స్వరం

ఆల్బంలో ఆరు రచనలు. ఐదు అయిపోయాయి. ఆరోదాని కాగితాన్ని మార్కండేయులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని స్టూడియోకి తెచ్చాడు. స్టూడియో గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైన, రెండో అంతస్తులో ఉంది. అక్కడ కీబోర్డు వాయించి అన్నీ కంప్యూటర్లో కలిపేది ఆరోన్. అతను ఇరవై ఏళ్లుగా పటమటలో ఒక చర్చి క్వయర్ నడుపుతున్నాడు. కర్ణాటక సంగీతం నేర్చుకోలేదు. వినిపిస్తే పట్టుకుంటాడు.

మార్కండేయులుకు నలభై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. పటమటలోనే వయొలిన్ పాఠాలు చెబుతాడు, నృత్య ప్రదర్శనలకు బాణీలు కడతాడు. తెల్లారితే బందరు కాలువ గట్టున నడక, తర్వాత డాబా మీద దొండపాదుకు నీళ్లు, ఆపైన పేపర్లో గళ్లనుడికట్టు. గళ్లన్నీ నిండితే గానీ పాఠం మొదలుపెట్టడు.

ఆరో బాణీ అతనిది కాదు. సాయిశ్రీది. ఆమె నృత్యాలకు పాడేది, అతను పక్కన కూర్చుని వాయించేవాడు. ఆరేళ్లు అలా గడిచాయి. 2013లో ఆమె తల్లి రావమ్మను వెంటబెట్టుకుని కూచిపూడి వెళ్లి, అక్కడ పిల్లలకు పాట నేర్పుతూ స్థిరపడింది. వెళ్లిన రెండు వారాలకు పోస్టులో ఈ కాగితం వచ్చింది. శుద్ధసావేరిలో పన్నెండు వరుసలు. కింద ఒక్క వాక్యం: ‘వీలుంటే దీన్ని వయొలిన్‌కి అమర్చండి.’

అతను అమర్చాడు. చివరి వరుస ధైవతం మీద ఆగిపోయి ఉంది. ముగింపు షడ్జమానికి రావాలి కదా అని ‘దా’ కొట్టేసి ‘సా’ రాశాడు. పెడనలో మగ్గాల మధ్య పెరిగినవాడు. చీర అంచున పోగు వేలాడుతుంటే అతని తండ్రి భోజనానికి కూడా లేచేవాడు కాదు. శుభ్రంగా తిరగరాసి, ‘చివర ఒక స్వరం తప్పు పడింది, దిద్దాను’ అని రాసి పంపాడు. ‘సరేనండి, అలాగే ఉంచండి’ అని ఆమె జవాబిచ్చింది. ఆ తర్వాత ఉత్తరాలు లేవు. పోయినేడు రావమ్మ చనిపోయినప్పుడు అతను మెసేజీ పెట్టాడు. ఆమె నమస్కారం పంపింది.

కూచిపూడికి బస్సులో గంటన్నర. రమ్మని ఒక్కసారి అంటే వెళ్లేవాడు. ఆమె అనలేదు. పన్నెండేళ్లుగా అతను ఇలాగే అనుకుంటున్నాడు. బాణీని రికార్డు చేయడానికి ఆమె అనుమతి అడగాలి, ఆ వంకతో ఫోన్ చేయొచ్చు. వారం నుంచి అదీ చేయలేదు.

ఆరోన్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

“ఈ ఎర్రసిరా ఎవరిదండీ?”

“నాదే. ఆవిడ చివర పొరపాటు రాసింది. సా దగ్గర ముగించండి.”

ఆరోన్ కళ్లజోడు పైకి జరిపి, కొట్టేసినదాన్ని కూడా కలుపుకుని చదివాడు.

“మా దరి దా. బాగానే ఉంది కదండీ. ఎవరిని రమ్మంటున్నారు?”

“అవి మాటలు కాదండీ. స్వరాలు. మా, ద, రి, దా.”

“నాకు స్వరాలు రావు. తెలుగొచ్చు. తెలుగులో మాత్రం ఇదే రాసుంది.”

మార్కండేయులు కాగితం వెనక్కి తీసుకున్నాడు. స్వరమే మాట కూడా అయ్యేలా రాయడాన్ని స్వరాక్షరం అంటారు. పాడేవాళ్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు. వాయించేవాళ్లకు మాటలతో పని ఉండదు. ఆ వరుసను అతను కొన్ని వందలసార్లు వాయించాడు. నోటితో ఒక్కసారీ చదవలేదు.

“పొద్దున్నే గళ్లు నింపుతారు, ఇది కనపళ్లేదా?” అన్నాడు ఆరోన్. మార్కండేయులు ముఖం చూసి, “టీ తెస్తానండి,” అంటూ కిందికి దిగిపోయాడు.

మార్కండేయులు ఫోన్ చేశాడు.

“సాయిశ్రీగారూ, నేను మార్కండేయులుని.”

“నంబరుంది లెండి. చెప్పండి.”

“మీ శుద్ధసావేరి రికార్డు చేద్దామని. మీ అనుమతి కావాలి. దాని చివర… నేను సా చేశాను.”

“చేశారు. మార్కులు కూడా వేస్తారేమో అనుకున్నా.”

“అది మాటని ఇవాళ తెలిసింది. చర్చిలో పాడే ఆయన చదివి చెప్పాడు.”

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

“అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?”

“చెప్పాను కదండీ. మీరు దిద్దారు.”

కింద రోడ్డు మీద సిటీ బస్సు హారన్ కొట్టింది.

“అమ్మని అడిగే రాశాను,” అంది ఆమె. “అందుకే ‘మా’ అన్నాను. తప్పు పడిందని మీ ఉత్తరం వస్తే, వద్దనడానికి అదొక పద్ధతి అనుకున్నాం ఇద్దరం. మర్యాదస్తుడు, ఇలా చెప్పాడు అంది అమ్మ.”

“కాదండీ. నేను నిజంగానే స్వరం అనుకున్నాను.”

“స్వరమే కదా.”

“ఇప్పుడైతే ఏం రాస్తారు?”

“ఇప్పుడు ‘మా’ అనడానికి అమ్మ లేదు. ‘నా’ అని రాయాలి. నా అనే స్వరం లేదుగా.”

మార్కండేయులు కాగితం వంక చూశాడు. “‘నీ’ ఉంది. నీ దరి,” అన్నాడు.

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. పరిచయమైన ఇన్నేళ్లలో ఆమెను ‘మీరు’ తప్ప మరో మాట అనలేదు.

“ఆ రాగంలో నిషాదం లేదండి,” అంది ఆమె.

“తెలుసు. రాగం మార్చొచ్చు.”

“పిల్లలొచ్చారు, క్లాసుంది,” అంది. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. లైను కట్ కాలేదు. కట్ చేయడం మరిచిపోయిందో, కావాలనే వదిలేసిందో. అతనూ కట్ చేయలేదు.

శ్రుతిపెట్టె మొదలైంది. పిల్లలు సరళి వరుసలు అందుకున్నారు.

ఆరోన్ రెండు టీలతో వచ్చి, “మొదలెడదామా అండీ?” అన్నాడు. మార్కండేయులు ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండా చెయ్యెత్తి ఆగమన్నాడు.

అవతల ఆమె ఎవరో పిల్లను ఆపింది.

“‘నీ’ దగ్గర తొందరపడుతున్నావమ్మా. అక్కడ కొంచెం నిలబడు. మళ్లీ పాడు.”