దుప్పటి నాలుగు కొసలు

గిద్యోను ఎడమ చెయ్యి ముసలామె భుజం కిందికీ, కుడి చెయ్యి తొడల కిందికీ పోనిచ్చి ఊపిరి బిగబట్టాడు. ఎత్తబోయేసరికి నడుములోంచి మడమ దాకా నొప్పి పాకింది. పళ్ళు కరుచుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

మార్కాపురంలోని ఆ చిన్న ఆసుపత్రికి వార్డుబాయ్ అతనొక్కడే. పెళ్ళికి ముందు చేరాడు. ఇప్పుడు కూతురు నర్సింగు చదువుతోంది. ఇన్నేళ్ళూ మంచం మీంచి స్ట్రెచరు మీదికి, స్ట్రెచరు మీంచి మంచం మీదికి మనుషుల్ని మోశాడు. కుడి భుజం జారింది. చొక్కా లోపల నడుముకు బెల్టు. చెయ్యి పైకి లేవదు కాబట్టి పొద్దున్నే తల దువ్వేది భార్యే.

వెంకటసుబ్బులమ్మది కురిచేడు దగ్గరి పల్లె. జారిపడి తుంటి విరిగితే ఆపరేషను చేశారు. భారీ మనిషి. వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ ఉండాలి.

"ఏంది నాయనా, నడుం పట్టిందా?"

"ఏం లేదవ్వా."

"ఏం లేకుంటే ఆ చెమటేంది? ఎన్నాళ్ళ నుంచి?"

గిద్యోను చేతులు వెనక్కి తీసుకుని, ఎడమ చేత్తో చెమట తుడుచుకున్నాడు. ఆ మాట ఇంతవరకు ఏ రోగీ అడగలేదు.

ఆమె వరండాలో ఉన్న కొడుకును కేకేసింది. "ఆదిశేషూ! బర్రె పడితే నలుగురు పట్టి లేపుతారే, నన్ను ఈయనొక్కడే లేపాల్నా? రా ఇట్ల!"

ఆదిశేషు వచ్చాడు. పక్క మంచాల తాలూకు మనుషులు ఇద్దరు లేచారు. కింది దుప్పటి కొసలు తలా ఒకటి పట్టుకుంటే ఆమె తేలిగ్గా పక్కకు తిరిగింది. గిద్యోను చేతిలో ఉన్నది ఒక్క కొసే.

ఆ రోజంతా ఏ మంచం దగ్గరికి పోయినా పిలవకుండానే ఎవరో ఒకరు వచ్చారు. రోజూ గోడకు ఆనుకుని నిలబడి తినే గిద్యోను ఆ మధ్యాహ్నం కూర్చుని అన్నం తిన్నాడు.

సాయంత్రం వెంకటసుబ్బులమ్మ రెండు ముద్దలు మజ్జిగన్నం తిని కళ్ళు మూసుకుంది. బీపీ చూడటానికి వచ్చిన నర్సు రేచల్ ఆమె మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయిందని చెప్పి ఆదిశేషు భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమెను ఊరికి తీసుకుపోయే అంబులెన్సు వచ్చాక గిద్యోను అలవాటు కొద్దీ ఆమె కింద చేతులు పోనిచ్చాడు. ఆదిశేషు కళ్ళు తుడుచుకుని దుప్పటి కొస అందుకున్నాడు.

"ఒక్కడివే ఎత్తగాకు అన్నా. అమ్మ తిడతాది."

బండి కదిలేదాకా గిద్యోను చేతులు జోడించి నిలబడ్డాడు. "ఈ తల్లిని చూపించినందుకు స్తోత్రం ప్రభువా," అన్నాడు.

లోపలికి వచ్చి పక్క దులిపాడు. మంచం పక్కన గోడకు ఒక కొత్త వాకరు ఆనించి ఉంది. తల్లిని నడిపించాలని ఆదిశేషు కొనితెచ్చి, తీసుకుపోవడం మరిచిపోయాడు. రబ్బరు కాళ్ళకు ఇంకా మట్టి అంటలేదు. గిద్యోను రెండు చేతులూ దానిమీద ఆనించి మెల్లగా నడుం నిలబెట్టాడు. పిడులకు చుట్టిన ప్లాస్టిక్ కవరు అతని అరచేతుల కింద చిన్నగా చప్పుడు చేసింది.