అతుకు కనబడకూడదు

స్లైడ్‌షోలు చేసేవాళ్ళకి శత్రువులు బయట ఉండరు, ఫొటోల్లోనే ఉంటారు. "మా పెదనాన్నగారు బాగా కనబడేలా పెట్టండి" అని ఒకరు ఫోన్ చేస్తారు. "ఆయన్ని పెట్టారంటే మేం లేచి వెళ్ళిపోతాం" అని ఇంకొకరు చేస్తారు. ప్రతివాళ్ళకీ తమ మొహమే పెద్దగా రావాలి. మూడొందల ఫొటోలు తెచ్చి "ఒక్క పాటలో అయిపోవాలండీ, కానీ ఏదీ వదలొద్దు" అంటారు. ఒకప్పుడు ఇలాంటివి వింటే నవ్వొచ్చేది. ఇప్పుడు నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

దర్జీ దుకాణం పైన ఒక గది నాది. కిటికీకి నల్లగుడ్డ, గోడకి చిన్న తెర, బల్ల మీద రెండు మానిటర్లు. కింద నుంచి పొద్దస్తమానం కుట్టుమిషను చప్పుడు. ఆ దర్జీ, నేనూ చేసేది ఒకటే పని అనుకుంటాను. ఆయన గుడ్డలు కలుపుతాడు, నేను ఫొటోలు కలుపుతాను. ఇద్దరికీ సూత్రం ఒకటే, అతుకు కనబడకూడదు. ఒక ఫొటో పోయి ఇంకోటి వచ్చిందని చూసేవాళ్ళకి తెలిసిందంటే నా పని చెడినట్టే. ఒకటి కరిగిపోతుండగానే రెండోది దాని లోంచి తేలాలి. మొదటి దాంట్లో కళ్ళు ఎక్కడున్నాయో రెండో దాంట్లో కళ్ళు సరిగ్గా అక్కడికే రావాలి. పాటలో తాళం దెబ్బ ఎక్కడ పడితే మార్పు అక్కడే జరగాలి. అప్పుడు ఒక మనిషి బతుకంతా సాఫీగా సాగిపోయినట్టు కనబడుతుంది. ఎవరి బతుకూ అలా సాగదు కాబట్టే నాకు పని దొరుకుతోంది.

ఒక మధ్యాహ్నం మా బావ వచ్చాడు. బావంటే చనిపోయిన మా అక్క భర్త. జేబులో పెన్‌డ్రైవు, సంచీలో రెండు పాత ఆల్బమ్‌లు.

"పిచ్చుక పెళ్ళికి స్లైడ్‌షో నువ్వే చెయ్యాలి. పుట్టిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా. పెళ్ళి విందులో వేద్దాం," అన్నాడు.

పిచ్చుక మా అక్క కూతురు. నోరు మూయకుండా కిచకిచలాడేదని నేనే పెట్టిన ముద్దుపేరు. దానికి మూడేళ్ళు నిండకుండానే అక్క పోయింది. రెండేళ్ళు తిరక్కుండా బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినావిడ నాకంటే పెద్దది. వరస ప్రకారం ఆవిడని నేను 'అక్కా' అని పిలవాలి. పిలవలేదు. ఇన్నేళ్ళూ "ఏవండీ", "ఇదిగో", "మిమ్మల్నే" అంటూ నెట్టుకొచ్చాను. ఫోన్ ఆవిడ ఎత్తితే "బావ ఉన్నాడా?" అనేదాన్ని. ఆ పిలుపు ఒక్కరికే ఇచ్చాను, ఇంకొకరికి ఇవ్వను అని నా మొండిపట్టు. ఆవిడకి అది తెలుసు. ఎప్పుడూ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా నాకు ఒళ్ళుమంటగానే ఉండేది.

ఆల్బమ్‌లలో అక్క ఫొటోలు ఐదంటే ఐదే ఉన్నాయి. మిగతావి ఏమయ్యాయని అడగలేదు. అడిగినా బావ సూటిగా చెప్పే మనిషి కాదు. నవ్వుతూనే తడిగుడ్డతో గొంతు కోసే రకం. ఆ ఐదింటినీ దులిపి, గీతలు తుడిచి, వెలిసిపోయిన రంగులకి ప్రాణం పోసి మొదట్లో పేర్చాను. వెనకాల మెల్లగా ఒక వేణువు పెట్టాను. కన్నకూతురిలా చూసుకునే పిల్ల పెళ్ళి, పైగా అది మా అక్క బిడ్డ. ఆ హాల్లో ఒక్క నిమిషమైనా మా అక్క ఉండి తీరాలి. నాకు కావలసింది అదొక్కటే.

బావ కూర్చుని చూశాడు. చివరిదాకా మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాడు.

"చాలా బాగా వచ్చింది. కానీ..."

మా వృత్తిలో 'కానీ' ముందు వచ్చే మాటలన్నీ వట్టివే.

"మొదట్లో కాస్త బరువైపోయింది కదూ? శుభమా అని పెళ్ళి. ఆ ఆస్పత్రి మంచం ఫొటో తీసేద్దాం."

సరే, నిజమే అనుకుని తీసేశాను. మర్నాడు ఫోన్. వేణువు వద్దట, జనానికి ఏడుపొస్తుందట. మార్చాను. ఆ తర్వాత మెసేజి: కిటికీ దగ్గర నిలబడ్డ ఫొటో మసకగా ఉంది. మసక కాదు, అది తెల్లవారుజాము వెలుగు. అది చెప్పినా బావకి ఎక్కదని తీసేశాను. మళ్ళీ ఫోన్.

"ఒకే మనిషి అన్నిసార్లు వస్తుంటే బోరు కొడుతుందేమోనే."

ఒకే మనిషి. ఆ మనిషికి పేరుంది, నీతో కాపురం చేసింది, నీ బిడ్డని కన్నది అని అరవాలనిపించింది. అరవలేదు. ఇంకో రెండు తీసేశాను. ఇదంతా ఎవరి పనో నాకు తెలుసు అనుకున్నాను. నోరు బావది, మాట ఆవిడది. ఇన్నేళ్ళూ మంచితనం నటించి, పెళ్ళి దగ్గరికొచ్చేసరికి బుద్ధి బయటపడింది. కింద మెట్ల దగ్గర దర్జీతో కూడా అన్నాను, "చూశారా, సవతితల్లి ఎక్కడైనా సవతితల్లే" అని. ఆయన నోట్లో సూది ఉండటం వల్ల జవాబు చెప్పలేదు.

చివరికి ఒక్క ఫొటో మిగిలింది. పిచ్చుకకి నడక నేర్పుతున్న ఫొటో. అక్క నడుం వంచి, జుట్టు మొహం మీద పడి, నవ్వుతూ ఉంటుంది. పిల్ల ఎదురుగా తప్పటడుగులు వేస్తూ, అక్క వేలు పట్టుకుని. ఆ చేతి మీద, బొటనవేలికి పక్కన, ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ. పెళ్ళికి ముందు ఇంటిల్లిపాది బట్టలూ తనే ఇస్త్రీ చేస్తూ తెచ్చుకున్న మచ్చ అది.

రెండు రోజుల తర్వాత పిచ్చుకే వచ్చింది. వస్తూనే నా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పిన్నీ, ఒక మాట అడిగితే కోప్పడవు కదా?"

"కోపం వచ్చే మాటైతే ఎందుకు కోప్పడను? అడుగు."

"ఆ ఒక్కటి కూడా తీసెయ్యవా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆవిడ పంపిందా నిన్ను?"

"ఎవరు, అమ్మా? అమ్మకి తెలిస్తే చంపేస్తుంది. ఒక్కటైనా ఉండాల్సిందేనని నాన్నతో పెద్ద గొడవ పెట్టుకుంది. మిగతావన్నీ తీయించింది నేను. నీతో చెప్పే ధైర్యం లేక నాన్న చేత చెప్పించాను."

నేను మౌస్ పట్టుకుని, తెర మీదున్న ఆ ఒక్క ఫొటో వైపే చూశాను.

"నాకు గుర్తులేదు పిన్నీ, మీ అక్క. గుర్తులేదంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ ఫొటో పడగానే హాల్లో అందరూ తెర చూడరు, నన్ను చూస్తారు. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. ఎవరింటికెళ్ళినా ఫొటో తీసి చేతిలో పెట్టడం, నా మొహంలోకి చూస్తూ కూర్చోవడం. ఏడిస్తే అయ్యో పాపం. ఏడవకపోతే ఎంత గట్టి పిల్లో అని. నాకు రాదు ఏడుపు, ఎక్కణ్ణుంచి తెచ్చుకోను? నా పెళ్ళి రోజొక్కటీ నన్ను వదిలెయ్యండి."

"నేను కూడా అలా చూశానా నిన్ను?"

"నువ్వే ఎక్కువ," అంది. నవ్వుతూనే అంది.

"తీసేస్తాలే," అన్నాను. నా బుగ్గ మీద ముద్దు పెట్టి, మెట్లు గబగబా దిగి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా పని సాగలేదు. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అంటారు. దాని కడుపులో లేదు, దాని తప్పు కాదు. ఒప్పుకుంటాను. కానీ నా కడుపులో ఉందే, దాన్నెక్కడ పెట్టుకోను? పిల్ల మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. పోయినదాని మీద కూడా వచ్చింది, ఇంకో రెండేళ్ళు ఉండి చావకపోయావా, పిల్లకి గుర్తుండేదానివి అని.

ఫొటో తీసేస్తానన్నాను. మొహం తీసేశాను. జుట్టు, నవ్వు, వంగిన నడుము అన్నీ కత్తిరించేశాను. పిల్ల పాదాలు, పిల్ల చెయ్యి, అది పట్టుకున్న మా అక్క చెయ్యి మాత్రం ఉంచాను. ఇది ఎవరికీ తెలియదు. నాకు తెలిస్తే చాలు. అక్క హాల్లో ఉంటుంది.

అక్కడే వృత్తి అడ్డొచ్చింది. ఆ చెయ్యి తర్వాత వచ్చే ఫొటో బడి గేటు దగ్గరది. అక్క పోయాక ఆ రెండేళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ ఫొటోలు తీయలేదు, అందుకని మధ్యలో ఇంకేం లేదు. బడి ఫొటోలో ఆవిడ వంగి పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. చేతి నుంచి ఆ ఫొటోకి వెళ్ళేచోట కుదుపు కొట్టింది. చూసిన ప్రతిసారీ పంటి కింద రాయిలా తగిలింది. నాలాంటిదానికి ఇంక నిద్రపడుతుందా? రెండో ఫొటోని పెద్దది చేసి, కాస్త తిప్పి, ఆవిడ చెయ్యి సరిగ్గా అక్క చెయ్యి ఉన్నచోటికే తెచ్చాను. ఒకటి కరుగుతుంటే రెండోది తేలేలా పెట్టాను. ఆ తర్వాత మెల్లగా వెనక్కి జరుగుతూ చెయ్యి, భుజం, మొహం, గేటు అన్నీ కనబడేలా చేశాను. 'నడక నేర్పిన చెయ్యి' అని అక్క కోసం రాసిన టైటిల్ మధ్యలో మాయమైతే చూపు అటు లాగుతుంది, అందుకని దాన్ని రెండో ఫొటో మీద కూడా నిలిపి ఉంచాను. మళ్ళీ వేసి చూసుకున్నాను. వెన్నలా ఉంది. ఇన్నేళ్ళలో అంత మంచి అతుకు వెయ్యలేదని మురిసిపోయాను.

ఆఖరుసారి చూడటానికి బావ వచ్చాడు. మోకాలి మీద తాళం, పెదాల మీద నవ్వు.

"బ్రహ్మాండం. ఇంకేం ముట్టుకోకు. ఆ చేతి మీద ఏదో మరకుంది చూడు, అదొక్కటి తుడిచెయ్యి."

నేను బావ మొహంలోకి చూశాను. ఏమీ లేదు అక్కడ. నిజంగానే మరకనుకుంటున్నాడు. ఎవరి చెయ్యో తెలుసా అని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఉన్నది కూడా ఊడుతుందని మింగేశాను. మచ్చ తుడవలేదు.

విందు రోజు హాలు కిక్కిరిసిపోయింది. నేను వెనక, ప్రొజెక్టరు దగ్గర నిలబడ్డాను. ముందు వరసలో పిచ్చుక, దానికి ఒక పక్క పెళ్ళికొడుకు, ఇంకో పక్క ఆవిడ. దీపాలు ఆర్పారు. పాట మొదలైంది. ఉయ్యాల్లో పిల్ల, బోర్లాపడ్డ పిల్ల, ఆ తర్వాత చెయ్యి.

ఎవరూ పిచ్చుక వైపు తిరగలేదు. అందరూ తెరే చూస్తున్నారు. గోడంత తెర మీద మా అక్క చెయ్యి, మచ్చతో సహా. వచ్చావే అక్కా, గెలిచాం అనుకున్నాను. నా కళ్ళు నిండిపోయాయి.

అప్పుడు అతుకు వచ్చింది. మచ్చ మెల్లగా కరిగిపోయింది. అదే చోట, అదే వంపుతో, నున్నటి చెయ్యి తేలింది. దాని మీద 'నడక నేర్పిన చెయ్యి' అన్న అక్షరాలు కదలకుండా నిలబడి ఉన్నాయి. చెయ్యి నుంచి భుజం, భుజం నుంచి మొహం. ఆవిడ మొహం. హాలంతా చప్పట్లు కొట్టింది. నా ముందు కూర్చున్నావిడ పక్కావిడతో, "కన్నతల్లయినా ఇంతేగా" అంది. ముందు వరసలో పిచ్చుక ఆవిడ చెయ్యి లాక్కుని మొహానికి ఆనించుకుని భోరున ఏడ్చేసింది. ఎక్కణ్ణుంచి తెచ్చుకోను అన్న పిల్లే.

ఇంకా చాలా ఫొటోలు నడిచాయి. నేనేం చూడలేదు.

దీపాలు వెలిగాక బావ వచ్చి భుజం తట్టాడు. "ఆ చెయ్యి దగ్గర చంపేశావే! అతుకే తెలియలేదు," అని, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

నేను ప్రొజెక్టరు వైరు చుడుతున్నాను. పక్కన ఎవరో నిలబడ్డారు. తలెత్తితే ఆవిడ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ మొదటి చెయ్యి నాది కాదు," అంది గొంతు తగ్గించి. "నాకు మచ్చ లేదు. అయినా నేనొచ్చేసరికి పిల్ల పరుగులు పెడుతోంది కదమ్మా, నడక నేనెక్కడ నేర్పాను?"

నేను వైరు ఇంకో చుట్టు చుట్టాను.

"మీ అక్కకి రావాల్సిన చప్పట్లు నాకెందుకు? ఇప్పుడే మైకు తీసుకుని చెప్పేస్తాను. చెప్పమంటావా?"

ఆవిడ నిజంగానే అడుగుతోంది. నేను ఊ అంటే వెళ్ళి చెప్పేసేదే. ఆవిడ భుజం మీదుగా చూశాను. పెళ్ళికొడుకు ఫోన్‌లో తీసిన ఆ ముక్కే పిచ్చుక మళ్ళీ వేయించుకుని చూస్తోంది. ముక్కు తుడుచుకుంటూ, నవ్వుతూ, తెర మీద వేలు పెట్టి "ఇదే మా అమ్మ చెయ్యి" అని చూపిస్తోంది. పుట్టాక మొదటిసారి దానికి ఆ చెయ్యి చూస్తే ఏడుపొచ్చింది. ఇప్పుడు మైకులో నిజం చెబితే, హాలంతా మళ్ళీ దాని మొహంలోకే చూస్తుంది.

"వద్దక్కా," అన్నాను.

అన్నాక గాని ఆ పిలుపు నాకే వినబడలేదు. ఆవిడ ఉలిక్కిపడి నా వైపు చూసి, నా చెయ్యి ఒకసారి నొక్కి, వెళ్ళిపోయింది. నేను వైరు చుట్టడం మానేసి అక్కడే నేల మీద కూర్చున్నాను. పొద్దున మా అక్కకి మిగిలి ఉన్నవి రెండే, ఆ చెయ్యీ, నా నోట్లో దాచుకున్న పిలుపూ. సాయంత్రానికి రెండూ నేనే తీసి ఇంకొకరికి ఇచ్చేశాను.