నలభై రెండు వేల మీద రెండు శాతం

పలాసలో జీడిపప్పు కొట్టు మాది. అన్నయ్య తారకేశ్వరరావుదీ నాదీ చెరిసగం. రైతు తెచ్చిన జీడిపిక్కల బస్తాకి తూకంలో రెండు కిలోలు తరుగు తీయడం మా నాన్న పెట్టిన పద్ధతి. పప్పు కొనేవాళ్లు కార్డు ఇస్తే రెండు శాతం ఎక్కువ తీసుకోవడం నేను పెట్టినది. ఎవరైనా అడిగితే "మాకు కాదండీ, మిషనుకి" అంటాను.

మొన్న మే నెలలో టెక్కలికి పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గరే అన్నయ్యకి గుండెల్లో నొప్పి వచ్చింది. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తంలో గడ్డని కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలి, నలభై రెండు వేలు, కట్టి రసీదు తెమ్మన్నాడు డాక్టరు. ఫోన్‌లో పంపుదామంటే ఆ రోజు పరిమితి పొద్దున్నే పిక్కల లోడుకి అయిపోయింది. కార్డు తీశాను.

కౌంటర్లో అమ్మాయి నలభై రెండు వేల ఎనిమిది వందల నలభై కొట్టింది.

"ఈ ఎనిమిది వందల నలభై ఏటమ్మా?"

"కార్డుకి రెండు శాతం సార్. మాకు కాదండీ, మిషనుకి."

నా మాట నాకే అప్పజెప్పినట్టయింది. కార్డు వెనక్కి లాక్కున్నాను.

"కరెంటు బిల్లుకీ ఇదే బాధ," అన్నాడు వరసలో ఒకాయన. "నోట్లు వద్దంటారు, కార్డిత్తే గోకుతారు."

"అడగాలి మావా. అడక్కపోతే నెత్తికెక్కుతారు," అని వెనకాయన నన్ను ఎగదోశాడు.

అదే వరసలో మందస ఊరి గున్నయ్య ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా మాకు పిక్కలు తోలే రైతు. భార్యకి డయాలసిస్ చేయించడానికి వచ్చాడు.

"కట్టీండి బాబూ. పెద్దబాబు లోపలున్నారు."

"నీకు తెలీదు గున్నయ్యా. ఎనిమిది వందలు ఊరికే వత్తాయేటి?"

"తరుగని బస్తాకి రెండు కేజీలు మేం ఒగ్గీడం నేదా? మీరూ ఒగ్గీండి."

వరసంతా నవ్వింది. ఆ నవ్వు లేకపోతే కట్టేసేవాణ్ణేమో. గుమస్తా నీలకంఠానికి ఫోన్ చేసి, గల్లాలోంచి నలభై రెండు వేలు బండి మీద తెమ్మన్నాను. అరగంట దారి. పెట్రోలు వంద పోయినా ఏడు వందల నలభై మిగులు.

లోపలి తలుపు దగ్గర నుంచి వదిన అడిగింది. "మందు ఇచ్చీసారా మరిదీ?"

"వత్తంది వదినా."

హైవే మీద లారీ అడ్డం పడిందట, నీలకంఠం రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఈలోగా రెండుసార్లు నా చెయ్యి కార్డు మీదికి వెళ్లింది. గున్నయ్య ఎదురు బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. రెండుసార్లూ చెయ్యి తీసేశాను.

డబ్బు కట్టి రసీదు పట్టుకుని వెళ్లేసరికి నర్సు తెర లాగుతోంది.

ముందే ఇస్తే బతికేవాడా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేం అన్నాడు. అవునంటే ఒక లెక్క, కాదంటే ఒక లెక్క. చెప్పలేం అన్నదాన్ని ఎక్కడ వెయ్యాలో ఇప్పటికీ నాకు తెలియదు.

వదిన ఏడుపు వరండా దాకా వినిపిస్తుండగా కౌంటర్ అమ్మాయి నన్ను పిలిచింది. ఇంజెక్షన్ విప్పలేదు కాబట్టి డబ్బు వాపసు ఇస్తారట. నలభై రెండు వేలూ ఇచ్చింది. నీలకంఠం వేసిన రబ్బరు బ్యాండు అలాగే ఉంది.

"లెక్క చూసుకోండి సార్."

గున్నయ్య చూస్తుండగా లెక్కపెట్టాను. సరిపోయింది.