కుడిచేతి బ్రేకు

నేను ఒక గేరు సైకిలుని. కొండల మీద తొక్కడానికి చేసినదాన్ని. లావుపాటి టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, ఒక్కో చక్రానికి ఒక్కో ఇనప పళ్ళెం, ఆ పళ్ళేన్ని పట్టుకుని ఆపే బ్రేకు, ఇవీ నా ఆస్తిపాస్తులు. నన్ను చూసినవాళ్ళంతా ‘ఎంత స్పీడు పోతుంది?’ అనే అడుగుతారు. ఎలా ఆగుతుందని ఇంతవరకూ ఒక్కావిడే అడిగింది. ఆవిడ దగ్గరికి తరవాత వద్దాం.

నేను పుట్టింది ఈ దేశం కాదు. ఏదో చలిదేశంలో తయారై, ఒక ఓడ ఇంజనీరు సామానుతో పాటు విశాఖ రేవులో దిగాను. మా పుట్టింటివాళ్ళు ముందు చక్రం బ్రేకుని ఎడమచేతికి ఇస్తారు, వెనకదాన్ని కుడిచేతికి. ఇక్కడి సైకిళ్ళకి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఇదీ ఓ సంగతేనా అనిపిస్తోంది కదూ? నాకూ అప్పట్లో అలాగే అనిపించింది. కానీ కాస్త గుర్తు పెట్టుకోండి.

ఇంజనీరు గారు పొట్ట తగ్గించుకుందామని నన్ను తెచ్చుకున్నారు. ఒక ఉదయం బీచి దాకా తొక్కి, పూరీలు తిని, ఆటోలో ఇంటికెళ్ళారు. నేను మరో ఆటోలో వెళ్ళాను. ఆ తరవాత వాళ్ళ బాల్కనీలో నా హ్యాండిల్ మీద తువ్వాళ్ళు ఆరేవి. కొండలెక్కాల్సినదాన్ని, తడిబట్టలు మోస్తూ సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను.

నన్ను కొనుక్కుని అక్కణ్ణుంచి విడిపించినవాడు ధనుంజయ్. గాజువాకలో వెల్డింగు పనిచేసే కుర్రాడు. అబ్బో, వాడి చేతులు! ఇనుముతో పనిచేసే చేతులు కదా, నన్ను ముట్టుకోగానే నా ఒళ్ళెలాంటిదో వాటికి తెలిసిపోయింది. నా బ్రేకులు తిరగేసి ఉన్నాయని మొదటి రోజే కనిపెట్టాడు. మార్చలేదు. “అది అలాగే పుట్టింది, నేనే అలవాటు పడతాను,” అన్నాడు. పడ్డాడు కూడా. ఆదివారం వస్తే నన్ను రైలెక్కించి అరకు వైపు తీసుకెళ్ళేవాడు. కాఫీతోటల మధ్య కాలిబాటల్లో మేమిద్దరం దిగుతుంటే నేనెందుకు పుట్టానో నాకు అప్పుడు తెలిసింది.

వాడికో చెల్లెలు, ఝాన్సీ. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. పొద్దున్నే బీచి రోడ్డు మీద బళ్ళు ఆపేసే వేళలో ధనుంజయ్ ఆ పిల్లకి నా మీద సవారీ నేర్పాడు. వాడి పాఠమంతా రెండు ముక్కలు: “కుడి చెయ్యి నీ ఇష్టం, ధైర్యంగా నొక్కు. ఎడమ చెయ్యి మాత్రం వేడి గిన్నె ముట్టుకున్నట్టు ముట్టుకో.” ఝాన్సీ ఆ ముక్కల్ని పాటలా పాడుకుంటూ తొక్కేది.

ఇంతలో ధనుంజయ్‌కి కుదిరిన సంబంధం తప్పిపోయింది. కొన్నాళ్ళు సరిగ్గా తిండి తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నయ్య మొహం చూడలేక ఝాన్సీ వాడి పుట్టినరోజుకి ఏదైనా చేద్దామనుకుంది. చొక్కాలు కొంటే తొడుక్కోడు. అందుకని వాడు డ్యూటీలో ఉండగా నన్ను సైకిలు షాపుకి తీసుకెళ్ళి, “మొత్తం విప్పి కొత్తదానిలా చేసియ్యండి,” అని అప్పల్రాజుకి అప్పగించింది.

అప్పల్రాజు మంచి మెకానిక్. నా గొలుసుని కిరసనాయిలుతో కడిగాడు, బేరింగులకి గ్రీజు పెట్టాడు. ఆఖర్న బ్రేకులు నొక్కి చూసి, “ఎవడో తిరగేసి బిగించీసేడు,” అని గొణుక్కుని, తీగలు విప్పి ఈ ఊరి పద్ధతిలో మార్చేశాడు. ముందుది కుడికి, వెనకది ఎడమకి. ఎవరికీ చెప్పలేదు. వంకరగా ఉన్న గంటని తిన్నగా తిప్పితే ఊరంతా చాటుతామా? పని శుభ్రంగా చేశాడు, నన్ను తుడిచి ఇచ్చాడు. ఝాన్సీ నా హ్యాండిల్‌కి రిబ్బను కట్టింది.

ధనుంజయ్ నన్ను చూసి చాలా రోజుల తరవాత నవ్వాడు. మర్నాడు ఊళ్ళో తొక్కకుండానే తిన్నగా రైలెక్కించాడు. కొండెక్కేటప్పుడు బ్రేకులతో పనేముంది? దిగేటప్పుడు కూడా రెండు చేతులూ కలిపి మెల్లగా నొక్కుతూనే వచ్చాడు. జీలుగు చెట్టున్న మలుపు దగ్గర కాఫీ పొదల్లోంచి ఓ లేగదూడ గభాలున అడ్డం వచ్చింది. వాడు కుడి చెయ్యి బిగించాడు. ధైర్యంగా, వాడి పాఠం ప్రకారమే. నా ముందు చక్రం ఉన్నచోటే బిగుసుకుపోయింది. వెనక చక్రం గాల్లోకి లేచింది. వాడు నా మీదుగా ముందుకి వెళ్ళిపోయాడు. నేను వెనక్కి వాలి, గడ్డి మీద పక్కకి పడ్డాను. మలుపు అవతల లోయ. దూడ కాసేపు నన్ను చూసి వెళ్ళిపోయింది.

చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ పట్టు మాత్రం నన్ను వదల్లేదు. నేను ఇనుముని, దయ్యాల సంగతి నాకేం తెలుసు? కానీ ఆ రోజు నుంచీ ఒక్కోసారి, ఎవరూ ముట్టుకోకుండానే, నా కుడి బ్రేకు దానంతటది లోపలికి ముడుచుకుంటుంది. టక్‌మని చిన్న చప్పుడవుతుంది. ఎవరో ఆపమంటున్నట్టు ఉంటుంది. ఆగే ఉన్నాను, ఇంకెక్కడ ఆగను?

జనం సంగతి మీకు తెలిసిందే. సైకిలుకి గీత కూడా పడలేదు, పడుకోబెట్టినట్టు పక్కన ఉంది, మనిషేమో లోయలో. దాన్నిబట్టి తేల్చేశారు. “పెళ్ళి తప్పిపోయిన కాణ్ణుంచీ కుర్రోడు మనిషి కాడు కదా,” అన్నారు. “సైకిలు జాగ్రత్తగా పక్కనెట్టి మరీ దూకీసేడు,” అన్నారు. పరామర్శకి వచ్చి టీ తాగుతూనే అన్నారు.

వాళ్ళమ్మ సన్యాసమ్మ ఆ మాట నమ్మింది. నమ్మి, కొడుకు మీద కోపం పెంచుకుంది. ఫొటోకి దండ వెయ్యనివ్వలేదు, దీపం పెట్టనివ్వలేదు. “తల్లినొగ్గీసి తనంతట తాను ఎల్లిపోయినోడికి దీపమేటి?” అంది. ఇంట్లో వాడి పేరు వినబడకుండా పోయింది. నన్ను మెట్ల కింద పాత చీర కప్పి పడేశారు. నా బ్రేకు టక్‌మన్నప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడేది. నిమ్మకాయలూ మిరపకాయలూ తెచ్చి నా హ్యాండిల్‌కి కట్టింది. “దీన్ని నా గుమ్మంలో ఉంచకే ఝాన్సీ. నా కొడుకుని దింపీసి ఇదొక్కర్తీ ఇంటికొచ్చింది,” అనేది. పాత ఇనప సామాన్లవాడు రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ఝాన్సీ అడ్డం నిలబడింది.

ఝాన్సీ మాత్రం నమ్మలేదు. అలాగని నమ్మకుండానూ ఉండలేకపోయింది. అన్నయ్య తనంతట తాను పోయాడా, పడిపోయాడా? ఆ ఒక్క సంగతి తేలకపోతే తనకీ అమ్మకీ ఈ జన్మలో నిద్ర లేదని దానికి తెలుసు. ఆ మలుపులో మంచి రైడరు కూడా పడిపోయే వీలుందా లేదా, అది చూడాలంటే ముందు తనకి సరిగ్గా తొక్కడం రావాలి. అందుకని ఓ వేసవిలో షాపుకి సెలవు పెట్టి, నన్ను వెంటేసుకుని, అరకు దగ్గర కొండ సైకిలు శిక్షకుల కోర్సులో చేరింది. ఇంట్లో స్నేహితురాలి ఊరికని చెప్పింది.

ఆ కోర్సు నడిపేది దమయంతి మేడం. స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరైన మనిషి. మెళ్ళో ఈల, నెత్తిన గుడ్డటోపీ. నన్ను చూడగానే, “ఏటమ్మా, సైకిలుకి ఊరగాయ పెడతావేటి? నిమ్మకాయలు తీసీ, బ్రేకు తీగలకి అడ్డం,” అంది. ఆ వెంటనే, “ఇది ఎలా ఆగుతుంది?” అని అడిగింది. నేను చెప్పిన ఆవిడ ఈవిడే.

“శిక్షకురాలివి అవుదామని వచ్చేవా?” అని మేడం అడిగితే, “లేదండీ, నా రైడింగ్ బాగుపడాలని,” అంది ఝాన్సీ.

“అయితే సరైన చోటికే వచ్చేవు. ఇంకోళ్ళకి నేర్పడం మొదలెడితే గానీ మనకేది రాదో మనకి తెలీదు.”

మొదటి రోజే ఝాన్సీ కుడి చెయ్యి గట్టిగా నొక్కి మట్టిలో బోర్లా పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. తన తప్పే అనుకుంది. రెండు మూడు రోజుల్లో దాని చేతులు నా కొత్త పద్ధతికి వాటంతటవే అలవాటు పడ్డాయి. మనుషుల చేతులు తెలివైనవి. నేర్చుకున్నది నోటికి చెప్పవు, అదే చిక్కు.

పెడల్స్ మీద నిలబడి బరువు వెనక్కి వెయ్యడం, చక్రం ముందు రాయిని కాకుండా దూరంగా దారిని చూడడం, పడాల్సి వస్తే ఎలా పడాలో, అన్నీ నేర్చుకుంది. ఆఖరికి ఓ రోజు ఒంటరిగా జీలుగు చెట్టు మలుపుకి నన్ను తీసుకెళ్ళింది. నా మీద ఆ మలుపు దిగింది. మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగింది. ఏమీ కాలేదు. వెడల్పాటి బాట, పెద్ద వాలు కాదు, నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్ళు కూడా దిగిపోయే మలుపు. ఝాన్సీ నన్ను చెట్టుకి ఆనించి కింద కూలబడింది. ఇక్కడ అన్నయ్య పడే వీలే లేదు. అయితే జనం అన్నదే నిజం. అంతసేపూ పట్టి ఉంచిన ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. నాకు నోరుంటే అప్పుడు అరిచి ఉండేదాన్ని.

కోర్సులో ఆఖరి పరీక్ష ఒక్కటే. శిక్షకులు కొండ దిగుతూ తమ ఒళ్ళు ఏం చేస్తోందో గట్టిగా చెప్పాలి, పక్కన శిష్యులున్నట్టు. మేడం పెట్టుకున్న పద్ధతి అది. పరీక్షకి ఎంచింది ఆ మలుపునే, ఎందుకంటే అది తేలిక. మేడానికి ధనుంజయ్ సంగతి తెలీదు.

ఝాన్సీ బయల్దేరింది. “చూపు దూరంగా. మోకాళ్ళు వదులుగా. బరువు వెనక్కి.” జీలుగు చెట్టు దగ్గరికొచ్చింది. “ఇప్పుడు బ్రేకులు. కుడి చెయ్యి నా ఇష్టం, ధైర్యంగా నొక్కుతాను. ఎడమ చెయ్యి వేడి గిన్నె ముట్టుకున్నట్టు…”

మేడం ఈల వేసింది.

“ఆగు. నోరొకటి చెబుతోంది, చేతులొకటి చేస్తన్నాయి. నువ్వు కుడిది మెల్లగానే నొక్కేవు, నేను చూసేను. నీ సైకిలుకి కుడిది ముందు బ్రేకు. దాన్ని ధైర్యంగా నొక్కితే మనిషి ఎగిరి అవతల పడతాడు. ఎవరు నేర్పేరీ మాట?”

“మా అన్నయ్య,” అంది ఝాన్సీ. “ఈ సైకిలు మీదే.”

మేడం వంగి నా తీగల్ని వేళ్ళతో తడిమింది. ఫ్రేము మీద తీగ దూరే కొక్కేలు ఒక వైపు పిలుస్తుంటే, తీగలు మెలిక తిరిగి రెండో వైపు పోతున్నాయి. “ఇది బైట దేశం సైకిలమ్మా. దీనికి ముందుది ఎడమకుండాలి. ఎవరో తరవాత మార్చేరు. మీ అన్నయ్యకి చెప్పేరా?”

ఝాన్సీకి రిబ్బను గుర్తొచ్చింది కాబోలు, హ్యాండిల్ మీద అది కట్టిన చోటునే చూస్తూ ఉండిపోయింది. తరవాత అక్కడే కూర్చుని మేడానికి అంతా చెప్పింది. సైకిలు ఇవతల పడి ఉండడం, మనిషి అవతల పడి ఉండడం, పుట్టినరోజు, షాపు.

మేడం ఈలని వేళ్ళ మధ్య ఒకసారి తిప్పింది. “దూకినోడు బ్రేకు నొక్కడు, తల్లీ,” అంది. “ఆగుదామనుకున్నోడే నొక్కుతాడు. మీ అమ్మకి ఆ మాట చెప్పు చాలు. మిగతాది ఎందుకు?”

ఆ శనివారం ఝాన్సీ నన్ను ఇంటికి తీసుకొచ్చింది. సన్యాసమ్మ వసారాలో చేటలో పెసలు చెరుగుతోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఝాన్సీ ఆవిడ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. మిగతాది కూడా. “షాపుకి ఇచ్చింది నేనేనమ్మా. నేను ఇవ్వకపోతే అన్నయ్య బతికుండేవాడు,” అంది.

చేట ఆగిపోయింది. సన్యాసమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. నేను ఇంటికొచ్చాక ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదలు, నిమ్మకాయలు కట్టినప్పుడు తప్ప.

“ఏది నొక్కేడు?”

ఝాన్సీ నా ముందు చక్రం ఎత్తి గిర్రున తిప్పింది. అమ్మ చేతిని తీసి కుడి బ్రేకు మీద పెట్టింది. ఆవిడ నొక్కింది. చక్రం ఠక్కున ఆగింది.

“ఆగుదామనుకున్నాడా?”

“ఆగుదామనే అమ్మా.”

సన్యాసమ్మ చెయ్యి తియ్యలేదు. ఆ చేతి కింద ఇంకో పట్టు ఉందని నాకు తెలుసు. ఆవిడకీ తెలిసిందేమో, వేళ్ళు మెల్లగా అక్కడే నిమిరింది. “నాను వాణ్ణి ఎన్నేసి మాటలన్నాను,” అంది. తరవాత కూతురి తల దగ్గరికి లాక్కుని, “నువ్వేటి సేసినావే, బాగు సెయ్యమనే కదా ఇచ్చినావు,” అంది. ఇద్దరూ నన్ను పట్టుకునే ఏడ్చారు. ఆ సాయంత్రం గూట్లోంచి వత్తులు తీయించి, కొడుకు ఫొటో ముందు సన్యాసమ్మే దీపం పెట్టింది.

ఇప్పుడు నేను మేడం షెడ్డులో గోడకి వేలాడుతున్నాను. నా బ్రేకుల్ని ఎవరూ మళ్ళీ మార్చలేదు. కుడిదానికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. ఝాన్సీ సెలవుల్లో వచ్చి శిక్షకురాలిగా చేస్తుంది. ఏ సైకిలు ఎక్కే ముందైనా సరే, దాని శిష్యులు “ఏ చెయ్యి ముందుది?” అని అడిగి తీరాలి. ఎర్రగుడ్డ ఎందుకని కొత్తవాళ్ళు అడుగుతారు, ఝాన్సీ చెబుతుంది. కొందరు విని నవ్వేస్తారు. కొండ దిగి వచ్చాక నవ్వరు.

శిష్యులందరూ వెళ్ళిపోయాక ఝాన్సీ ఒక్కర్తీ కూర్చుని గొలుసులు తుడుస్తుంటుంది. అప్పుడప్పుడు, ఎవరూ ముట్టుకోకుండానే, నా కుడి బ్రేకు టక్‌మంటుంది. ఝాన్సీ ఉలిక్కిపడదు. తల కూడా ఎత్తదు.

“ఆగింది అన్నయ్యా,” అంటుంది. “ఇంక వదిలీ.”