ఇద్దరూ కలిసి రావాలి

తన భార్య ఇరుపే రాత్రుళ్ళు ఎక్కడ గడుపుతోందో సుల్మాకు ఆదివారం పొద్దున తెలిసింది, తన కొట్టు ముందు పాస్తా కోసం జనం వరస కట్టి ఉన్నప్పుడు. చెప్పింది మర్లేనే చెల్లెలు. రెండు డజన్ల రావియోలీ కట్టించుకుంటూ, "మా అక్క, మీ ఇరుపేల సంగతి నీకు తెలుసనే అనుకున్నానే" అంది. మర్లేనే అంటే సుల్మా పెళ్ళిలో సాక్షి సంతకం పెట్టిన స్నేహితురాలు. సుల్మా పొట్లానికి దారం ముడివేసి ఇచ్చి, వెనకాల ఉన్నాయన్ని "మీకేం కావాలండీ?" అని అడిగింది. ఒంటిగంటకు కొట్టు మూసేదాకా ఆమె కళ్ళు చెమ్మగిల్లలేదు. ఆ తర్వాతా లేదు.

అడిగితే ఇరుపే అబద్ధమాడలేదు. బట్టలు సర్దుకుని, గుమ్మం దగ్గర ఆగి, "నన్నెన్ని తిట్టినా పడతాను. గురువారం మాత్రం రా. అది పిల్ల విషయం" అంది.

"వస్తాలే" అంది సుల్మా.

అబ్రీల్‌ను కన్నది సుల్మా. ఆడవాళ్ళిద్దరు పెళ్ళాడవచ్చని చట్టం వచ్చేనాటికే పిల్ల పుట్టి ఏడాదయింది. అందుకని పుట్టిన పత్రంలో తల్లిగా ఒక్క సుల్మా పేరే ఉంది. ఆ తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. అలాంటి పిల్లల పత్రాల్లో రెండో తల్లి పేరు ఎక్కించుకోవడానికి ప్రభుత్వం ఏడాది గడువిచ్చింది. షరతు ఒక్కటే, ఇద్దరూ కలిసి వచ్చి సంతకాలు పెట్టాలి. ఇవాళా రేపూ అని కాలం గడిపి, చివరికి ఇరుపే ఆ గురువారం పది గంటలకు తేదీ తీసుకుంది.

గురువారం సుల్మా తలస్నానం చేసి, మంచి గౌను తొడుక్కుని వెళ్ళింది. ఆఫీసుకు కాదు, దాని ఎదురుగా ఉన్న కాఫీ హోటలుకి. కిటికీ పక్కన కూర్చుని చూసింది. ఇరుపే పెళ్ళినాటి నీలం చొక్కా వేసుకుని మెట్ల మీద నిలబడింది. పదింబావుకి సుల్మా ఫోను మోగింది. పదిన్నరకి మోగింది. పదకొండుకు గుమాస్తా బయటికొచ్చి ఏదో చెప్పి భుజాలెగరేసి లోపలికి పోయాడు. ఇరుపే మెట్టు మీద కూలబడి తల పట్టుకుంది. సుల్మా రెండో కాఫీ తెప్పించుకుంది. అంత కమ్మని కాఫీ కొంకోర్దియా ఊళ్ళో తానెప్పుడూ తాగలేదనిపించింది.

అక్కణ్ణుంచి నేరుగా అబ్రీల్ బడికి పోయి, పిల్లను తీసుకెళ్ళేవాళ్ళ జాబితాలో ఇరుపే పేరు కొట్టేయించింది. మర్నాడు టీచరు గేటు తియ్యలేదు. లోపల అబ్రీల్ "మామీ, మామీ" అని, అంటే అమ్మా అని, ఏడుస్తుంటే ఇరుపే ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. అటునుంచి అటే కొట్టుకొచ్చింది.

"నాలుగేళ్ళు దాని ముడ్డి కడిగాను సుల్మా!"

"అయితే? జీతం ఇమ్మంటావా?"

 వరసలో ఉన్న ఒకావిడ కొననే కొనకుండా వెళ్ళిపోయింది.

ఇరుపే కోర్టుకెక్కింది. అప్పుడు సుల్మా, పదిహేనేళ్ళుగా గడప తొక్కని తల్లి ఇంటికి వెళ్ళింది. ఆ తల్లి నెలీదా, పందొమ్మిదేళ్ళ సుల్మా ఒక అమ్మాయిని ప్రేమిస్తోందని తెలిసి, కూతురి బట్టలు బంగాళాదుంపల గోతంలో కుక్కి వీధిలో పెట్టిన మనిషి. ఆ గోతం వాసన సుల్మా ఇంకా మరిచిపోలేదు. అయినా వెళ్ళింది. ఇరుపేను అణగదొక్కగల లాయరు తల్లి వెళ్ళే చర్చిలోనే ఉన్నాడు. ఎస్కుడేరో అని, ఆ పెళ్ళిళ్ళ చట్టం రాకూడదని ఊరేగింపుల్లో ముందు నడిచినవాడు.

"ఇన్నాళ్ళకి నీకు బుద్ధొచ్చిందే" అంటూ నెలీదా మాతే ఆకుల టీ కలిపి ఇచ్చింది.

విచారణ రోజున ఎస్కుడేరో గొంతు పెంచనే లేదు. "అయ్యా, పిల్లకి తల్లి ఒక్కరే. ఈ ఇరుపే అనే ఆవిడ అదే ఇంట్లో ఉన్న మనిషి. ఒక అతిథి. ప్రసవం నాడు ఆస్పత్రి రిజిస్టరులో ఈవిడ ఏమని రాసిందో చూడండి. స్నేహితురాలు అని."

 ఆనాడు సుల్మా నొప్పులతో మెలికలు తిరుగుతుంటే నర్సు ఇరుపేను తలుపు దగ్గరే ఆపేసింది. బంధువులే రావాలంది. స్నేహితురాలని రాస్తేనే వరండాలోనైనా కూర్చోనిస్తానంది. ఆ నర్సును సుల్మా ఏళ్ళ తరబడి శపించింది. ఇప్పుడదే మాట తన లాయరు నోట్లో ఉంది.

జడ్జి అడిగాడు. "సుల్మా గారూ, మీ పాపకి ఈవిడ ఏమవుతుంది?"

మెట్ల మీద ఇరుపే తల పట్టుకున్న తీరు గుర్తొచ్చింది. మర్లేనే పరుపూ కళ్ళముందు మెదిలింది.

"స్నేహితురాలండి" అంది.

ఇరుపే ఏడవలేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. జడ్జి దావా తేలేదాకా పిల్ల సుల్మా దగ్గరే ఉంటుందని చెప్పి లేచాడు.

వరండాలో నెలీదా కూతుర్ని కావలించుకుంది. ఎస్కుడేరో సంచీలోంచి ఇంకో కాగితం తీశాడు. "ఇది కూడా పనిలో పనిగా చేసేద్దామమ్మా. రేపు మీకేదైనా అయితే పిల్ల వాళ్ళ అమ్మమ్మకి చెందాలని. కాగితాల్లో మీ తర్వాత ఇంకెవరూ లేరు కదా, ఇది లేకపోయినా చాలావరకు అంతే. కానీ ఉంటే మంచిది."

"పెట్టవే సంతకం" అంది నెలీదా, కళ్ళు తుడుచుకుంటూ. "నిన్నెలాగూ సరిగ్గా పెంచలేకపోయాను. దీన్నైనా మనిషిలా పెంచుతా."

సుల్మా కలం అందుకోలేదు. తల్లి చేతులకేసి చూసింది. గోతం మూతి కట్టిన చేతులు అవే. వేళ్ళు కాస్త వంకరపోయాయి, అంతే. తన పగ తీర్చుకోబోయి కన్నకూతుర్ని తీసుకొచ్చి ఆ చేతుల ముందు నిలబెట్టింది.

"ఇంటికెళ్ళి చదువుకుని పెడతాను" అని కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

వీధి మలుపు తిరగగానే ఇరుపేకు ఫోను చేసింది.

"గడువుకి ఇంకా ఆరు రోజులున్నాయి. రేపు పొద్దున రిజిస్ట్రీ ఆఫీసుకి రా."

"మళ్ళీ ఎదురుగా కూర్చుని చూస్తావా? గుమాస్తా తర్వాత చెప్పాడులే, కాఫీ హోటలు కిటికీలో ఒకావిడ నన్నే చూస్తూ కూర్చుందని."

"నీ ఇంటి ముందుకే వస్తా. కలిసే పోదాం."

మర్నాడు ఇద్దరూ ఒకే కారులో ఒక్క మాటా లేకుండా వెళ్ళారు. గుమాస్తా కళ్ళజోడు మీదుగా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వేలితో చోటు చూపించాడు. సుల్మా సంతకం పెట్టింది. ఇరుపే కలం పట్టుకుని, "నన్ను క్షమించావా?" అని అడిగింది.

"లేదు. నువ్వంటే ఒళ్ళు మండుతోంది. కానీ మా అమ్మ మీద మంట దానికంటే పాతది. నేను చస్తే నా పిల్ల ఆ ఇంటికి పోకూడదు. అందుకు నువ్వు కావాలి, అంతే. పెట్టు."

ఇరుపే పెట్టింది. 

ఆ మధ్యాహ్నమే సుల్మా కొత్త పత్రం నకలు తీసుకుని తల్లి ఇంటికి పోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు. తల్లుల పేర్లు రెండూ గట్టిగా, నెమ్మదిగా చదివింది. నెలీదా మొహం పాలిపోయింది.

"నన్ను వాడుకున్నావే."

"అవునమ్మా. అర్థమైందిగా, ఇంక నా పిల్ల నీకు దొరకదు."

నకలు బల్ల మీదే వదిలేసి వచ్చింది. బస్సులో కూర్చున్నాక ఒక నవ్వొచ్చింది. రెండు వీధులు దాటేసరికి పోయింది. కోర్టులో తానన్న మాట ఇరుపే చెవుల్లోంచి ఎప్పటికైనా పోతుందా అని ఆలోచించింది. పోదనిపించింది. ఆ మాట వెనక్కి తీసుకుంటానని చెప్పాలనుకుంది గానీ చెప్పలేదు.

ఇక అవసరం లేక ఇరుపే దావా వెనక్కి తీసుకుంది, విడాకుల కాగితం దాఖలైంది. వారంలో సగం రోజులు పిల్ల అక్కడా, సగం ఇక్కడా. మొదటి రోజు ఇరుపే కొట్టు దగ్గరికొచ్చినప్పుడు సుల్మా పిల్ల సంచీ అందించి, గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికి రాకు. దీని తలనిండా పేలు. దువ్వెన సంచీలో పెట్టాను. తల్లివి కావాలన్నావుగా, దువ్వు. మర్లేనేని కూడా దువ్వుకోమను."

"మామీ, పేలు నాకు బడిలో అంటుకున్నాయి" అంది అబ్రీల్ గర్వంగా, ఇరుపే మెడకు చుట్టుకుంటూ.