సాంచెల మోతలో ఒక పాఠం

లస్మయ్య ఇంట్లో గుసగుసలనేవి లేవు. ఉప్పు అందించమన్నా గల్లీ చివర కిరాణా కొట్టు దాకా వినబడుతుంది. సూరత్‌కు వచ్చి ముప్పై ఏళ్లుగా సాంచెల మధ్య, అంటే మర మగ్గాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆయనకు వినిపించాలని భార్య వెంకటవ్వ అరుస్తుంది, ఆమెకు తీసిపోకుండా కొడుకు అరుస్తాడు. లింబాయత్‌లోని ఆ గల్లీలో సగం ఇళ్లు అంతే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు.

అరవనిది కూతురు తిరుమల ఒక్కతే. తండ్రితో ఆమెకు చిన్నప్పటి నుంచి వేరే పద్ధతి. ఎదురుగా వెళ్లి నిలబడుతుంది, ఆయన తలెత్తి చూసేదాకా ఆగుతుంది, అప్పుడు పెదవులు నిదానంగా కదిలిస్తూ చేత్తో ఓ సైగ కలుపుతుంది. లస్మయ్యకు పొల్లు పోకుండా అర్థమవుతుంది. "ఇంట్ల గిందరున్నరు గని, నా బిడ్డ మాట ఒక్కటే నాకు సాఫ్‌గ ఇనవడ్తది" అని గల్లీ అంతా వినేలా చెప్పుకుంటాడు. ఆ మెత్తని అలవాటే బి.ఎడ్.లో ఆమె కొంప ముంచింది.

శిక్షణలో భాగంగా ఇంటికి దగ్గరున్న తెలుగు బడిలో పాఠాలు చెప్పాలి. ఇరవై పాఠాలు చెప్పింది. పరిశీలన పుస్తకంలో పంతొమ్మిది సార్లు ఎర్ర సిరాతో ఒకటే మాట: గొంతు చాలదు. పోనీ పిల్లలైనా ఊరుకున్నారా? మొదటి రోజే వెనక బెంచీ నుంచి ఎవరో "టీచర్, నువ్వు మ్యూట్‌ల ఉన్నవ్" అన్నారు. అప్పటి నుంచి పాఠం ఉన్న రోజు తిరుమలకు ముద్ద దిగదు. చివరి పరీక్ష పాఠం కూడా పోతే ఇక బి.ఎడ్. మానేసి, రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణం వాళ్లు రమ్మంటున్న కంప్యూటర్ పనికి వెళ్లిపోవాలని తేల్చుకుంది. ఇంట్లో చెప్పలేదు. కాలేజీలో తనకు గైడ్‌గా ఉన్న కాత్యాయని మేడంకు మాత్రం, పరీక్ష నాడు పొద్దున బడి వరండాలో చెప్పింది.

రైల్వే ఆఫీసరు గారి భార్య ఆ మేడం. ఖాళీ కడుపుతో ఎవరినీ పాఠానికి పంపనని ఆమె పట్టు. అందుకని సంచీలో ఎప్పుడూ ఓ ఉప్మా డబ్బా ఉంటుంది.

"ముందు తిను. మానేసే సంగతి పాఠం అయ్యాక మాట్లాడుకుందాం."

"నా గొంతు ఇంతే మేడం. ఎంత గుంజినా ఇంతే."

"నా మొదటి పాఠం గంటసేపు బోర్డుకే చెప్పానమ్మా. వెనక్కి తిరిగితే పిల్లలుంటారని భయం. ఊఁ, ఇంకో చెంచా."

తిరుమల మూడు చెంచాలు మింగి ఆరో తరగతిలోకి వెళ్లింది. నలభై రెండు మంది పిల్లలు. వెనక బెంచీలో పరీక్షకుడు సూర్యప్రకాశరావు గారు, రిటైరైన హెడ్మాస్టరు, కలం మూత తీసి కూర్చున్నారు. పాఠం భిన్నాలు.

బడి గోడకు ఆనుకునే లస్మయ్య పనిచేసే షెడ్డు. పొద్దుటి నుంచి కరెంటు లేక అది నోరు మూసుకునే ఉంది. సరిగ్గా తిరుమల సుద్దముక్క పట్టుకునే వేళకు కరెంటు వచ్చి, సాంచెలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. కిటికీలు అదిరాయి.

"పిల్లలూ, ఇటు చూడండి" అని ఉన్న శక్తంతా పెట్టి అరిచింది. గొంతు చీలి కీచుమంది. క్లాసు గొల్లుమంది. వెనక కలం కదిలింది. ఏం రాస్తున్నారో ఆమెకు తెలియనిదా? రింగ్ రోడ్‌లోని కంప్యూటర్ కుర్చీ కళ్ల ముందు నిలిచింది.

ఇక నోరు మూసుకుంది. ధైర్యం వచ్చి కాదు, ఉన్నమాట చెప్పాలంటే గొంతు అయిపోయింది. బల్ల వెనక నుంచి బయటికొచ్చి, తండ్రి ముందు నిలబడినట్టే పిల్లల ముందు నిలబడింది. ఆమె అనుకోకుండానే చెయ్యి పైకి లేచి పిడికిలి బిగుసుకుంది. షెడ్డులో ఆ సైగకు అర్థం ఒకటే: సాంచె ఆపు.

ముందు బెంచీ అమ్మాయి ఠక్కున ఆగిపోయింది. తర్వాత ఆమె పక్కది. అందరూ సాంచెల వాళ్ల పిల్లలే. తండ్రులకు సద్ది డబ్బాలు మోసుకెళ్లి ఆ సైగ వందసార్లు చూసిన వాళ్లే. ఇందాక నవ్విన క్లాసే, ఇప్పుడు నలభై రెండు మొహాలూ ఆమె మీదే.

తిరుమల కాగితం పట్టీ మడిచింది. పెదవులు నిదానంగా కదిలించింది: సగం. మళ్లీ మడిచింది: పావు. పై చెయ్యి వేళ్లతో పై అంకె, కింది చెయ్యి వేళ్లతో కింది అంకె చూపించింది. పిల్లలు కూడా వేళ్లతోనే జవాబులిచ్చారు. తప్పు వేళ్లు చూపిన వాణ్ని పక్కవాడు మోచేత్తో పొడిచి దిద్దాడు. గంట ఎలా గడిచిందో ఆమెకు తెలియలేదు.

సూర్యప్రకాశరావు గారు లేచి ముందుకొచ్చి, ఆమె చెవి దగ్గర అరిచారు. "వెనక నాకొక్క ముక్క వినబడలేదమ్మా."

ఆయన సుద్ద తీసుకుని బోర్డు మీద రాశారు: ముప్పావులోంచి సగం తీసేస్తే ఎంత?

చేతులు లేచాయి. ఒక వేలు పైన, నాలుగు వేళ్లు కింద. ఇద్దరు ముగ్గురు తప్ప క్లాసంతా.

ఆయన ఆ చేతుల వైపు కాసేపు చూసి, పుస్తకంలో అంతకు ముందు రాసింది కొట్టేసి, కింద ఇలా రాశారు: మాట వినబడకపోయినా తరగతి మొత్తం ఈమె మాట విన్నది. ఉత్తమం.

వరండాలో కాత్యాయని మేడం దాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తుడుచుకుంది. "మానేసే సంగతి మాట్లాడుకుందామన్నాను కదా. చెప్పు."

"ఆకలైతుంది మేడం" అంది తిరుమల. డబ్బా ఖాళీ చేసి, గోడ చుట్టూ తిరిగి షెడ్డుకు పరుగెత్తింది.

లస్మయ్య సాంచెల మధ్య ఉన్నాడు. ఆమె ఎదురుగా నిలబడి, ఆయన తలెత్తేదాకా ఆగి, పెదవులతో చెప్పింది: పాసైన బాపూ. జ్వరమొచ్చినా సాంచె ఆపని మనిషి, తన ఆరు సాంచెలూ వరసగా ఆపేశాడు.

ఏందన్నట్టు అవతలి వరసలో సాంచెలు నడిపే పరమేశ్ కనుబొమలు ఎగరేశాడు. షెడ్డులో మీసం మెలేస్తే సూపర్‌వైజర్ అని, అంటే అందరూ మాట వినాల్సిన మనిషి అని అర్థం. లస్మయ్య కూతురిని చూపించి మీసం మెలేశాడు. పరమేశ్‌కు అర్థం కాలేదు. అప్పుడు లస్మయ్య అరచేత్తో మీసం తుడిచేసినట్టు చేసి, తన నుదుట వేలితో బొట్టు పెట్టుకుని, మళ్లీ గర్వంగా మెలేశాడు: టీచరమ్మ.

పరమేశ్ నుంచి పక్క వరసకు, అక్కణ్నుంచి ఆ పక్కకు, ఆ సైగ షెడ్డు చివరి దాకా పోయింది. ముఖం కూడా తెలియని మనుషులు నూలు దుమ్ము చేతులతో తమ నుదుట బొట్టు పెట్టుకుని ఆమెకు దండం పెడుతున్నారు. తిరుమలకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. వాళ్లందరూ చూసేలా చెయ్యెత్తి, లేని మీసం మెలేసింది.